ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇల్లు ఎవరికి, ఎలా ఇస్తారు? ఫారం నుంచి తాళాల దాకా

"కౌన్సిల్ ఇంటికి అప్లై చేసి నాలుగేళ్లయింది, ఇంకా మా నంబర్ రాలేదు." లండన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ. నంబర్ రావడం అనేది రేషన్ షాపు క్యూ లాంటి ఊహ. ముందు నిలబడ్డవాడికి ముందు, వెనక నిలబడ్డవాడికి వెనక. ఇక్కడ ఇళ్లు అలా ఇవ్వరు. మొన్న పేరు రాయించుకున్న కుటుంబానికి మూడు నెలల్లో ఇల్లు దొరకొచ్చు. పన్నెండేళ్ల క్రితం రాయించుకున్నవాళ్లు ఇంకా అక్కడే ఉండొచ్చు. రెండూ రూల్స్ ప్రకారమే జరుగుతాయి.

ఆ రూల్స్ రహస్యమేమీ కాదు. అందరికీ అందుబాటులో ఉంటాయి, ఎవరూ చదవరు, అంతే. చదివితే రెండు లాభాలు. మీకు ఇల్లు వచ్చే అవకాశం అసలు ఉందో లేదో ముందే తెలుస్తుంది. ఉంటే, మీ కష్టాన్ని కౌన్సిల్‌కి లెక్కలోకి వచ్చేలా ఎలా చెప్పాలో తెలుస్తుంది.

రెండు విషయాలు ముందే చెప్పేస్తాను. ఇక్కడ రాసింది ఇంగ్లండ్‌కి మాత్రమే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే చట్టాలున్నాయి. రెండోది, ఇది మన ఊళ్లో పేరు మీద పట్టా రాసిచ్చే ఇల్లు కాదు. అద్దె ఇల్లే. బయటి మార్కెట్ కన్నా అద్దె తక్కువ, ఓనర్‌కి తోచినప్పుడు ఖాళీ చేయమనే భయం లేదు. ఆ రెండిటి కోసమే ఇంత పోటీ. 2024 మార్చి నాటికి ఇంగ్లండ్ మొత్తం మీద 13 లక్షలకు పైగా కుటుంబాలు ఈ ఇళ్ల కోసం ఎదురుచూసే జాబితాల్లో ఉన్నాయి. 1980లో వచ్చిన రైట్ టు బై పథకం కింద 20 లక్షల దాకా ఇళ్లు అందులో ఉన్నవాళ్లకే అమ్మేశారు, పోయినన్ని మళ్లీ కట్టలేదు. కొరత అక్కణ్నుంచి వచ్చింది.

అడుగు 1: ముందు వీసా చూసుకోండి

మనవాళ్లలో చాలామంది దారి ఇక్కడే ఆగిపోతుంది కాబట్టి దీంతోనే మొదలుపెడదాం. స్కిల్డ్ వర్కర్ వీసా, స్టూడెంట్ వీసా, వాటి డిపెండెంట్ వీసాల మీద మామూలుగా "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అనే షరతు ఉంటుంది. కౌన్సిల్ జాబితా ద్వారా దొరికే ఇల్లు ఇమ్మిగ్రేషన్ రూల్స్ లెక్కలో పబ్లిక్ ఫండే. ఎంత ట్యాక్స్ కడుతున్నా, పిల్లలు ఇక్కడే పుట్టినా, మీకు ఆ షరతు ఉన్నన్నాళ్లూ మీ పేరు మీద కౌన్సిల్ ఇల్లు రాదు. "ఒక ఫారం పడేద్దాం, వస్తే వస్తుంది, పోతే పోతుంది" అనుకోవద్దు. షరతు ఉల్లంఘించారని తేలితే తర్వాతి వీసాకే ఎసరు వస్తుంది.

ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చినవాళ్లకి, బ్రిటిష్ పౌరులకి దారి తెరుచుకుంటుంది. అయితే ఇక్కడ స్థిరంగా ఉంటున్నట్టు కూడా చూపించాలి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండి, హైదరాబాద్‌లో ఆరేళ్లుండి తిరిగొచ్చినవాళ్లకి దిగిన మర్నాడే అర్హత ఉండకపోవచ్చు. శరణార్థి హోదా ఉన్నవాళ్లు కూడా అర్హులే.

అమ్మానాన్నల్ని అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ అనే సెటిల్‌మెంట్ వీసా మీద తెచ్చుకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ల పోషణ మాదేనని మీరు రాసిచ్చిన హామీ ఉంటుంది కదా, దాని వల్ల మామూలుగా అయిదేళ్ల దాకా వాళ్ల పేరు మీద అర్హత ఉండదు.

భార్యాభర్తల్లో ఒకరికి ఐఎల్ఆర్ ఉండి రెండోవారికి షరతు ఉన్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు ఇద్దరి పేరు మీదా కలిపి ఇల్లివ్వరు. అర్హత ఉన్నవాళ్ల ఒక్కరి పేరు మీదే అడగాలి. రెండోవారిని కుటుంబంలో చూపించడం వల్ల పెద్ద ఇల్లు రావడమో, ఎక్కువ సాయం అందడమో జరిగితే వాళ్ల వీసాకి చిక్కు రావచ్చు. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఫ్రెండ్స్ సలహా వినకండి, లైసెన్స్ ఉన్న ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్‌ని కలిశాకే ఫారం ముట్టుకోండి.

అడుగు 2: మీ కౌన్సిల్ రూల్ బుక్ చదవండి

1996 హౌసింగ్ యాక్ట్ 6వ భాగం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కీ రాతపూర్వకంగా ఒక అలొకేషన్ స్కీం (ఇళ్ల కేటాయింపు పద్ధతి) ఉండి తీరాలి. ఇళ్లు ఆ స్కీం ప్రకారమే కేటాయించాలి. ఎవరైనా అడిగితే దాని సారాంశం ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. కౌన్సిల్ పేరు పక్కన "అలొకేషన్ పాలసీ" అని వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. వంద పేజీలున్నా కంగారు పడొద్దు, మీకు కావాల్సినవి ఓ పదిహేను పేజీలు.

అందులో మొదట చూడాల్సింది ఆ ప్రాంతంలో ఎన్నేళ్లు ఉండాలన్నది. 2011 లోకలిజం యాక్ట్ తర్వాత ఎవరిని జాబితాలో చేర్చుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కౌన్సిళ్లకు వచ్చింది. కనీసం రెండేళ్ల నివాసం అడగమని 2013లో ప్రభుత్వం సూచించింది. చాలా చోట్ల, ముఖ్యంగా లండన్‌లో, అంతకన్నా ఎక్కువే అడుగుతారు. పశ్చిమ లండన్‌లోని హిల్లింగ్డన్ కౌన్సిల్ ఏకంగా పదేళ్లు పెట్టింది. శరణార్థులకూ, ఐరిష్ ట్రావెలర్లనే సంచార జాతివాళ్లకూ అన్నేళ్లు ఒకేచోట ఉండటం ఎలా కుదురుతుందని కేసు పడితే, 2019లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ రూల్ వాళ్ల పట్ల వివక్షేనని తేల్చింది. సైన్యంలో పనిచేసినవాళ్లకి ఈ నివాసం రూల్ అడ్డు పెట్టకూడదు. గృహహింస నుంచి బయటపడ్డవాళ్లకీ, కౌన్సిల్ సంరక్షణలో పెరిగి బయటికొచ్చిన 25 ఏళ్లలోపు యువతకీ 2025 నుంచి అదే మినహాయింపు ఉంది.

తర్వాత ఆదాయం, పొదుపు మీద పరిమితి చూడండి. ఇది ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కోలా ఉంటుంది. ఇండియాలో మీ పేరు మీదున్న ఫ్లాటు, స్థలం కూడా ఆస్తే. ఫారంలో ఆస్తుల గురించి అడిగినప్పుడు "ఇక్కడివే కదా అడిగేది" అని మీకు మీరే సర్దిచెప్పుకోవద్దు.

అద్దె బాకీలు, కౌన్సిల్ ట్యాక్స్ బాకీలు ఉంటే కొన్ని చోట్ల జాబితాలో చేర్చుకోరు, కొన్ని చోట్ల చేర్చుకుని పక్కన పెడతారు. వాయిదాల మీద తీర్చే ఒప్పందం కుదుర్చుకుని కొన్ని నెలలు క్రమంగా కడితే ఒప్పుకునే కౌన్సిళ్లూ ఉన్నాయి.

ఉద్యోగం ఉన్నవాళ్లకి కాస్త ముందు వరస ఇచ్చే కౌన్సిళ్లు కూడా ఉన్నాయి. ఈలింగ్ ఒకప్పుడు ఖాళీ అయ్యే ఇళ్లలో 20 శాతం ఉద్యోగస్థుల కుటుంబాలకీ, రికార్డు బాగున్న పాత టెనెంట్లకీ పక్కన పెట్టింది. అది కోర్టుల దాకా వెళ్లింది కూడా. మీ కౌన్సిల్‌లో అలాంటిది ఉంటే పేస్లిప్పులే మీకు ఆయుధం.

అడుగు 3: ఫారం, కాగితాలు

ఫారం ఆన్‌లైన్‌లోనే. ఇంట్లో ఉండేవాళ్లందరి గుర్తింపు, ఈ-వీసా షేర్ కోడ్, గత అయిదారేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో చూపే అగ్రిమెంట్లు, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లలకి చైల్డ్ బెనిఫిట్ ఉత్తరం. మనవాళ్లకి ఎక్కువగా చిక్కొచ్చేది పాత అడ్రసుల దగ్గర. వచ్చిన కొత్తలో స్నేహితుడి గదిలో అగ్రిమెంట్ లేకుండా ఉన్న ఏడాదికి ఆధారం ఉండదు. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రిజిస్ట్రేషన్, బ్యాంకు ఉత్తరాలు, స్కూల్ అడ్మిషన్ కాగితం, ఏది దొరికితే అది పెట్టండి.

అబద్ధం చెప్పొద్దు. నీతి కోసం కాదు, అది నేరం కాబట్టి. తప్పుడు సమాచారం ఇచ్చినా, కావాలని దాచినా 1996 హౌసింగ్ యాక్ట్ కింద జరిమానా పడుతుంది, ఇచ్చిన ఇల్లు కూడా వెనక్కి పోతుంది.

అడుగు 4: బ్యాండ్ ఎలా తేలుతుంది

అసలు కథంతా ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చదవండి. ఎక్కువ కౌన్సిళ్లు దరఖాస్తులను అవసరాన్ని బట్టి ఎ, బి, సి, డి బ్యాండ్లుగా, అంటే ప్రాధాన్య వర్గాలుగా విడగొడతాయి. కామ్డెన్ లాంటి కొన్ని చోట్ల పాయింట్లు వేస్తారు. ఎవరికి ముందు వరస ఇవ్వాలన్నది పూర్తిగా కౌన్సిల్ ఇష్టం కాదు. చట్టం అయిదు వర్గాలను పేర్కొంది, వాళ్లకి తగినంత ప్రాధాన్యం ఇవ్వాల్సిందే. ఇల్లు లేనివాళ్లు, ఇల్లు పోయే స్థితిలో ఉండి కౌన్సిల్ కొన్ని బాధ్యతలు తీసుకున్నవాళ్లు, ఇరుకైన, పాడుబడ్డ, ఆరోగ్యానికి హాని చేసే ఇంట్లో ఉన్నవాళ్లు, జబ్బు, వైకల్యం, సంక్షేమ కారణాలతో మారాల్సినవాళ్లు, ఆ కౌన్సిల్ పరిధిలోనే ఒక ఫలానా చోటికి మారకపోతే తీవ్రంగా ఇబ్బంది పడేవాళ్లు.

ఈ అయిదింట్లో దేనిలోకీ రాకపోతే కొన్ని కౌన్సిళ్లు మిమ్మల్ని కింది బ్యాండ్‌లో పెడతాయి, కొన్ని అసలు చేర్చుకోవు. "అద్దె చాలా ఎక్కువైపోయింది, నెల గడవట్లేదు" అనేది ఈ అయిదింట్లో లేదు. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ మనవాళ్లు రాసే అప్లికేషన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తాయి, అందుకే కింది బ్యాండ్‌లో ఇరుక్కుంటాయి.

*ఇరుకు.* ఇరుకు కొలవడానికి రెండు కొలతలున్నాయి, రెంటికీ చాలా తేడా. ఒకటి 1930ల నాటిది, ఆ లెక్కే ఇప్పటికీ 1985 హౌసింగ్ యాక్ట్‌లో కొనసాగుతోంది. దీనిలో హాలు కూడా పడుకునే గదే. గది ఒకటైతే ఇద్దరు, రెండైతే ముగ్గురు, మూడైతే అయిదుగురు, నాలుగైతే ఏడున్నర మంది. గదులు మరీ చిన్నవైతే ఈ సంఖ్య ఇంకా తగ్గుతుంది. పదేళ్లలోపు పిల్లలు అరమనిషి, ఏడాది నిండని పసిపిల్లలు లెక్కలోకే రారు. అంటే సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో భార్యాభర్తలు, అయిదేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉంటే? బెడ్‌రూం, హాలు కలిసి రెండు గదులు, పరిమితి ముగ్గురు. పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలిద్దరూ కలిపి ఒకరు. మొత్తం ముగ్గురు. చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఇరుకు కాదు!

రెండోది బెడ్‌రూంల లెక్క, దీన్నే కౌన్సిళ్లు ఎక్కువగా వాడతాయి. జంటకి ఒక గది. పెద్దవాళ్లకి తలా ఒకటి. ఆ వయసు కొన్ని స్కీముల్లో 16, కొన్నిట్లో 21. ఒకే లింగం పిల్లలిద్దరికి ఒక గది. పదేళ్లలోపు అయితే ఆడ, మగ కలిసినా ఒకటే. పైన చెప్పిన కుటుంబానికి ఈ లెక్కలో రెండు బెడ్‌రూంలు కావాలి, ఉన్నది ఒకటి. అంటే "ఒక బెడ్‌రూం తక్కువ". రెండు తక్కువైతే చాలా చోట్ల పై బ్యాండ్‌కి వెళ్తారు. పాపకి పదేళ్లు నిండిన రోజున లెక్క మారుతుంది: ఇప్పుడు అక్కకీ తమ్ముడికీ వేరే గదులు కావాలి, కాబట్టి మూడు బెడ్‌రూంలు, అంటే రెండు తక్కువ. పుట్టినరోజు మర్నాడే కౌన్సిల్‌కి రాయండి. వాళ్లంతట వాళ్లు మార్చేస్తారని ఊరుకుంటే నష్టపోయేది మీరే. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అత్తగారు మాత్రం ఈ లెక్కలోకి రారు. ఇరుకు పెంచుకోవడానికే బంధువుల్ని తెచ్చిపెట్టుకున్నారని తేలితే బ్యాండ్ తగ్గించే స్కీములు కూడా ఉన్నాయి.

*ఆరోగ్యం.* కౌన్సిల్ అడిగేది జబ్బు ఎంత పెద్దదని కాదు, ఈ ఇల్లు ఆ జబ్బుని ఎలా ముదరబెడుతోందని. తీవ్రమైన గుండెజబ్బు ఉన్నా, ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే మార్కు రాకపోవచ్చు. మోకాళ్ల నొప్పి మామూలుదే అయినా, లిఫ్ట్ లేని నాలుగో అంతస్తులో ఉండి డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు దిగాల్సివస్తే మాట వేరు. జీపీ దగ్గర "ఈయనకి షుగర్ ఉంది, మంచి ఇల్లు ఇవ్వండి" అనే రెండు లైన్ల ఉత్తరం తెచ్చుకుని ఉపయోగం లేదు. ఏ మెట్టు దగ్గర ఎన్నిసార్లు పడ్డారు, బాత్‌టబ్‌లోకి ఎవరు ఎత్తి దింపుతున్నారు, గోడల చెమ్మ వల్ల పిల్లాడు ఆయాసంతో ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లాడు, తారీకులతో రాసి ఉత్తరాలు జత చేయండి. చాలా కౌన్సిళ్లలో సలహా ఇచ్చే డాక్టర్ మిమ్మల్ని చూడరు, కాగితాలే చూస్తారు.

*ఇల్లు పోయే పరిస్థితి.* ఇది వేరే దారి, 1996 హౌసింగ్ యాక్ట్ 7వ భాగం కింద. 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం 56 రోజుల్లో ఇల్లు పోయేలా ఉంటే అది పోకుండా కౌన్సిల్ సాయం చేయాలి. పోతే ఇంకో 56 రోజులు కొత్త చోటు వెతకడంలో సాయం. ఆ తర్వాత పిల్లలున్నవాళ్లు, గర్భిణులు, గృహహింస బాధితులు లాంటివారికి ఇల్లు చూపించే అసలైన బాధ్యత మొదలవుతుంది, అది తీరేదాకా తాత్కాలిక బస.

దీన్ని షార్ట్‌కట్ అనుకుని ఓనర్ నోటీసు రాగానే సామాన్లు సర్దేసేవాళ్లున్నారు. ఆగండి. అవసరం లేకుండా మీరే వదిలేసి వచ్చారని తేలితే "కావాలని ఇల్లు పోగొట్టుకున్నారు" అంటారు, అసలైన బాధ్యత పోతుంది. నోటీసు రాగానే చేయాల్సిన మొదటి పని కౌన్సిల్‌కి చెప్పడం. తాత్కాలిక బస అంటే వేరే ఊళ్లో ఒకే గది కూడా కావచ్చు, ఏళ్ల తరబడి సాగొచ్చు. పైగా 2012 చివరి నుంచి కౌన్సిల్ తన బాధ్యతను ప్రైవేటు అద్దె ఇల్లు చూపించి కూడా ముగించుకోవచ్చు.

అడుగు 5: బ్యాండ్ తప్పుగా వచ్చిందా? రివ్యూ అడగండి

నిర్ణయం ఉత్తరంలో వస్తుంది. మీ కేసులో ఏ వాస్తవాలను లెక్కలోకి తీసుకున్నారో అడిగే హక్కు, ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమనే హక్కు మీకు చట్టంలోనే ఉన్నాయి. చాలా స్కీముల్లో గడువు 21 రోజులు. ఉత్తరం మీది తారీకు నుంచా, చేతికందిన రోజు నుంచా అని వాదించుకునే బదులు మొదటి వారంలోనే పంపేయండి. "అన్యాయం" అని రాయకండి. స్కీంలో ఫలానా పేరా ప్రకారం మాకు రెండు బెడ్‌రూంలు తక్కువ, మీరు ఒకటే లెక్కేశారు, ఇదిగో పుట్టిన తేదీ సర్టిఫికెట్ అని రాయండి. రివ్యూలు గెలిచేది ఇలాంటి పొడి ఉత్తరాలే.

రివ్యూ అయ్యాక కూడా కౌన్సిల్ పద్ధతి తప్పిందనిపిస్తే, కౌన్సిల్ ఫిర్యాదుల మెట్లన్నీ ఎక్కాక, ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి.

ఎంపీ దగ్గర ఉత్తరం తెచ్చుకుంటే పనవుతుందా అని అడుగుతారు మనవాళ్లు. ఎమ్మెల్యే లెటర్ అలవాటు మరి! ఎంపీ ఆఫీసు రాస్తే, నెలల తరబడి సమాధానం లేని మీ ఈమెయిల్‌కి సమాధానం వస్తుంది, అంతవరకు మేలే. బ్యాండ్ మాత్రం మారదు. కౌన్సిల్‌కి ఎన్నికైన కౌన్సిలర్‌ని పట్టుకున్నా అంతే. 1997 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం తన వార్డులో ఉన్న ఇంటి విషయంలో గానీ, తన వార్డులో నివసించే దరఖాస్తుదారు విషయంలో గానీ కౌన్సిలర్ నిర్ణయంలో పాలుపంచుకోకూడదు. ఇలాంటి కంచెలు ఊరికే రాలేదు. 1968లో ఉత్తర ఐర్లండ్‌లోని కాలెడన్ గ్రామంలో ఎన్నో కాథలిక్ కుటుంబాలు ఇల్లు లేక ఉండగా, పెళ్లి కాని ఒక ప్రొటెస్టెంట్ యువతికి కౌన్సిల్ ఇల్లు కేటాయించారు. ఆస్టిన్ కర్రీ అనే ఎంపీ ఆ ఇంట్లో బైఠాయించారు. అక్కడి పౌరహక్కుల ఉద్యమానికి అదొక నిప్పురవ్వ అయింది. 1971లో అక్కడ ఇళ్ల కేటాయింపును కౌన్సిళ్ల చేతుల్లోంచి తీసేసి హౌసింగ్ ఎగ్జిక్యూటివ్ అనే సంస్థకి అప్పగించారు.

అడుగు 6: బిడ్ వేయడం

బిడ్ అనగానే వేలంపాట గుర్తొస్తుంది. ఎక్కువ అద్దె ఇస్తామంటే ఇస్తారేమోనని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ డబ్బు ప్రసక్తే లేదు. "ఈ ఇంటికి నేనూ ఉన్నాను" అని చెయ్యెత్తడమే బిడ్. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టిన ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో 2000 తర్వాత వ్యాపించింది. అంతకుముందు ఏ ఇల్లు ఎవరికో ఆఫీసరే నిర్ణయించేవాడు. ఇప్పటికీ కొన్ని చోట్ల, కొన్ని అత్యవసర కేసుల్లో అలా నేరుగా ఇవ్వడం ఉంది.

ఖాళీ ఇళ్లను సాధారణంగా వారానికోసారి సైటులో పెడతారు. పశ్చిమ లండన్‌లో కొన్ని కౌన్సిళ్లు కలిసి వాడే లొకాటా అలాంటిదే. కౌన్సిల్ సొంత ఇళ్లతో పాటు హౌసింగ్ అసోసియేషన్ల (లాభాపేక్ష లేకుండా అద్దె ఇళ్లు నడిపే సంస్థలు) ఇళ్లూ అందులోనే వస్తాయి. కొన్ని కౌన్సిళ్లకు సొంత ఇళ్లే లేవు, అన్నీ ఎప్పుడో అసోసియేషన్లకు బదిలీ చేసేశాయి. అయినా జాబితా నడిపేది కౌన్సిలే.

ఒక్కో వారానికి రెండో మూడో బిడ్లు మాత్రమే వేయనిస్తారు, అందుకే ప్రకటన పూర్తిగా చదవాలి. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, వయసు పరిమితి ఉందా, పాత టెనెంట్లకే పరిమితమా, అన్నీ అందులో ఉంటాయి. అద్దె రకం ముఖ్యం. "సోషల్ రెంట్" అంటే చౌక. "అఫర్డబుల్ రెంట్" అంటే మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు, పేరు చూసి మోసపోవద్దు. పైగా అద్దె వారానికి రాస్తారు. వారానికి 130 పౌండ్లంటే మనం టక్కున నాలుగుతో గుణించి నెలకి 520 అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు కాబట్టి అసలు నెలకి 563 పౌండ్లు.

గడువు ముగిశాక బిడ్ వేసినవాళ్లందర్నీ వరసలో పెడతారు. ముందు బ్యాండ్, ఒకే బ్యాండ్‌లో ఉంటే ఎవరు ముందు ఆ బ్యాండ్‌లోకి వచ్చారన్నది. రెండు మూడు కష్టాలు కలిసి ఉన్నవాళ్లకి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి కదా, ఒకే బుట్టలో వేసి తారీకు చూడటమేంటని న్యూహాం కౌన్సిల్ మీద పడిన కేసు 2009లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. స్కీం చట్టం గీసిన గీతలు దాటనంతవరకు ఎవరికెంత ప్రాధాన్యమో తేల్చడం జడ్జీల పని కాదని లార్డ్స్ చెప్పారు. కాబట్టి మీ బ్యాండ్ తేదీ ఎప్పటిదో ఖాతాలో సరిచూసుకోండి. బ్యాండ్ పెరిగినప్పుడు చాలా స్కీముల్లో తేదీ కూడా కొత్తదవుతుంది.

ఎక్కడ బిడ్ వేయాలో తెలియాలంటే పాత ఫలితాలు చూడండి. ఏ ఇల్లు ఏ బ్యాండ్‌కి, ఏ తేదీ ఉన్నవాళ్లకి వెళ్లిందో చాలా కౌన్సిళ్లు పెడతాయి. గత ఆర్నెల్లలో మీ ఏరియాలో మూడు బెడ్‌రూం ఇళ్లన్నీ ఎ, బి బ్యాండ్లకే వెళ్లి ఉంటే, సి బ్యాండ్‌లో ఉన్న మీరు ప్రతి గురువారం పొద్దున్నే లేచి టెన్షన్ పడి లాభం లేదు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేని బ్లాకు, స్టేషన్‌కి దూరం, ఇలాంటివాటికి పోటీ తక్కువ. మనకి అలవాటైన ఈస్ట్ హాం, హౌన్స్లో (Hounslow) ఏరియాల వీధులే కావాలని పట్టుబడితే ఆలస్యమవుతుంది.

ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఇంకొకటి మర్చిపోతారు: చాలా కౌన్సిళ్లు ఏడాదికోసారి రెన్యువల్ మెయిల్ పంపుతాయి. అది స్పామ్‌లో పడి, జవాబివ్వక, పేరు కొట్టేయించుకున్నవాళ్లు నాకు తెలుసు.

అడుగు 7: ఇల్లు చూడ్డం, ఆఫర్

వరసలో పైనున్నవాళ్లని ఇల్లు చూడ్డానికి పిలుస్తారు. ఒకే ఇంటికి ముగ్గురు నలుగుర్ని పిలవడం మామూలే. మొదటివాళ్లు వద్దంటే రెండోవాళ్లకి వెళ్తుంది, కాబట్టి మూడో స్థానంలో ఉన్నా వెళ్లండి. ఈ దశలో కాగితాలన్నీ మళ్లీ చూస్తారు. అప్లై చేశాక జీతం పెరిగినా, ఇల్లు మారినా, చెప్పకపోతే ఇక్కడే దొరికిపోతారు.

ఆఫర్ వచ్చాక ఆలోచించుకోవడానికి ఒకట్రెండు రోజులకి మించి ఇవ్వరు. జాబితా ద్వారా మామూలుగా వచ్చినవాళ్లు వద్దంటే స్కీంని బట్టి కొన్నాళ్లు బిడ్లు ఆపేయొచ్చు, బ్యాండ్ తగ్గించొచ్చు. హోమ్‌లెస్ దారిలో వచ్చినవాళ్లకి మాత్రం ప్రమాదం చాలా పెద్దది. చివరి ఆఫర్ అని ఉత్తరంలో చెప్పి ఇచ్చినదాన్ని కాదంటే కౌన్సిల్ బాధ్యత అక్కడితో ముగిసిపోవచ్చు, తాత్కాలిక బస కూడా పోతుంది. ఇల్లు మీకు సరిపోదనిపిస్తే ముందు ఒప్పుకుని, తాళాలు తీసుకుని, 21 రోజుల్లోగా ఆ ఇల్లు తగినది కాదని రివ్యూ అడగండి. రెండూ ఒకేసారి చేయొచ్చని చట్టమే చెబుతోంది. ఈ ఒక్క మాట తెలియక రోడ్డున పడ్డ కుటుంబాలున్నాయి.

అడుగు 8: తాళాలు తీసుకునే వారం

కౌన్సిల్ ఇచ్చేది మామూలుగా ఏడాది పాటు పరీక్షా కాలం లాంటి ఇంట్రడక్టరీ టెనెన్సీ. అద్దె సరిగ్గా కట్టి, గొడవలేం లేకపోతే అది గట్టి రక్షణ ఉండే సెక్యూర్ టెనెన్సీ అవుతుంది. హౌసింగ్ అసోసియేషన్ అయితే పేర్లు వేరుగా ఉంటాయి. ఇల్లు మొత్తంగా ఇంకొకరికి అద్దెకిచ్చి మీరు వేరేచోట ఉంటే 2013 నుంచి అది నేరం. ఇండియాకి కొన్ని నెలలు వెళ్లాల్సి వస్తే హౌసింగ్ ఆఫీసర్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పి వెళ్లండి.

అద్దె చాలా చోట్ల సంతకం చేసిన తర్వాతి సోమవారం నుంచే మొదలవుతుంది. పాత ప్రైవేటు ఓనర్‌కి మీరివ్వాల్సిన నోటీసు గడువు ఇంకా నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఒక నెల రెండు అద్దెలు పడేలా డబ్బు సిద్ధం చేసుకోండి. ఇంకో సంగతి, ఇల్లు ఖాళీగా ఇస్తారు. పాత ఇంట్లో ఓనర్ పెట్టిన ఫ్రిజ్, పొయ్యి ఇక్కడ ఉండవు. చాలా ఇళ్లలో నేల మీద కార్పెట్ కూడా ఉండదు, ఉత్త సిమెంటో చెక్కో కనిపిస్తుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే గదుల కొలతలు రాసుకుని, పొయ్యికి ఉన్నది గ్యాస్ పాయింటా కరెంటు పాయింటా, వాషింగ్ మెషిన్‌కి పాయింట్ ఎక్కడుందో ఫోటో తీసుకుని రండి. మళ్లీ లోపలికి వెళ్లేది తాళాలు చేతికొచ్చాకే.